పనిచేసిన మందు

బెల్లం వండే పెద్ద పెనంలో రసం పొంగు మీద ఉండగా పోతురాజు చేతిలో తెడ్డు ఆగిపోయింది.

పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్న గంగాభవాని, కలిపే చప్పుడు ఆగేసరికి తలెత్తింది. మొగుడి మెడ ఒక పక్కకి తిరిగిపోతోంది. కళ్లు దేన్నీ చూడడం లేదు. ఆమెకు తెలిసిన చూపే అది. పిప్పి అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చి, వెనక నుంచి నడుం పట్టుకుని గుంజింది. మనిషి వెనక్కి పడ్డాడు గానీ, అప్పటికే కుడిచెయ్యి మణికట్టు దాటి పాకంలో మునిగి లేచింది.

గానుగ ఆపేశారు. ఎవరో తాళాలగుత్తి తెచ్చి, కొట్టుకుంటున్న పోతురాజు గుప్పిట్లో కుక్కబోయారు. గంగాభవాని దాన్ని లాక్కుని విసిరికొట్టి, నీళ్లు పొయ్యమంది. మరిగే పాకం నీళ్లలా జారిపోదు. పట్టిన చోటే పట్టుకుని బెల్లమవుతుంది. దాన్ని వదిలించబోతే చర్మం కూడా వచ్చేసింది.

గానుగ యజమాని నూకరాజు తనే ఫోన్ చేసి ఆటో పిలిపించాడు. చెడ్డవాడేం కాదు. పోతురాజుని ఎక్కించాక మాత్రం, ఇక మీదట పెనం దగ్గరికి పంపొద్దని, తన గానుగలో మనిషి పోతే తను ఎవరికి జవాబు చెప్పుకోవాలని అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మునగపాక నుంచి అనకాపల్లి వెళ్లే దారంతా, మొగుడి చేతిని తడిగుడ్డలో ఒళ్లో పెట్టుకుని, ఆమె పళ్లు నూరుతూనే ఉంది. ఆమె కోపం నూకరాజు మీద కాదు.

అంతకుముందు ఏడాది పైగా పోతురాజుకి ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

చిన్నప్పుడు మొదలైన జబ్బు. ఊళ్లో గాలి సోకిందన్నారు. ఇంట్లోనే అతని కంచం వేరు, గ్లాసు వేరు. పెళ్లి భోజనాల్లో అతని పక్క విస్తరి ఖాళీగా ఉండేది. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే మాత్రలు పూటపూటా వేసుకోవాలి. వేసుకుంటే రోజంతా మత్తు, మానేస్తే ఫిట్స్. మత్తులో కత్తి పట్టి చెరకు నరకలేడు గనక, పని ఉన్నరోజు మాత్ర మానేసేవాడు. ఒక్కోసారి ఆసుపత్రిలోనే ఉండేవి కావు.

అలాంటి రోజుల్లో అనకాపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి తరఫున లోకనాథం వచ్చాడు. నెమ్మదైన మనిషి. మంచం మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ఓపిగ్గా చెప్పాడు. మందు పాతదే, ఒంట్లోకి పంపే పద్ధతి కొత్తది. అగ్గిపుల్లకంటే సన్నని కడ్డీ ఒకటి జబ్బలో చర్మం కింద పెడతారు. అది నెలల తరబడి మందుని కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. మరిచిపోవడం ఉండదు, ఒక్కసారిగా మందెక్కి మత్తు రావడమూ ఉండదు. ఇంకా పరీక్షలో ఉంది గనక ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో తెలియదనీ చెప్పాడు. పోతురాజు సంతకం పెట్టాడు.

పడింది. నిప్పు దగ్గరికి ఎవరూ రానివ్వని మనిషి పెనం దగ్గర నిలబడ్డాడు. పాకం ఎప్పుడు దించాలో వేళ్ల మధ్య సాగదీసి చెప్పగలిగే పనివాడయ్యాడు. అతను వండిన దిమ్మల రంగు చూసి బెల్లం మార్కెట్లో ఎవరు వండారని అడిగారట. ఆ ఏడు చుట్టాలింటి పెళ్లిలో అతని పక్క విస్తరిలో మనిషి కూర్చుని తిన్నాడు. గంగాభవాని దూరం నుంచి అది చూసి, వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి గోడ చాటుకి వెళ్లి ఏడ్చింది.

తరవాత ఒకరోజు పిలిపించి కడ్డీ తీసేశారు. ట్రయల్ అయిపోయింది, అంతా సక్సెస్ అన్నారు. స్వీట్ల డబ్బా ఇచ్చారు. పాత మాత్రలు మళ్లీ మొదలెట్టమన్నారు. పెనం పని మానెయ్యమని గంగాభవాని బతిమాలింది. "ఆ పెనం కాడే నాను మడిసిని" అన్నాడు పోతురాజు. మత్తుకి భయపడి మళ్లీ మాత్రలు ఎగ్గొట్టాడు. చెయ్యి కాలింది అందుకే.

కట్టుతో ఇంటికొచ్చిన కొన్నాళ్లకి లోకనాథం మళ్లీ వచ్చాడు. ఈసారి కారులో, కెమెరా పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లతో. పోతురాజు చేతిని చూసి అతని మొహం వాడిపోయింది. నిజంగానే బాధపడ్డాడు. ఆ తరవాత వచ్చిన పని చెప్పాడు. కడ్డీకి అనుమతులొచ్చాయి. విశాఖపట్నంలో పెద్ద హోటల్లో సభ పెడుతున్నారు. కడ్డీ ఉన్న ఏడాదిలో తన బతుకు ఎలా మారిందో పోతురాజు చెప్తే అక్కడ తెరమీద చూపిస్తారు.

పోతురాజు తల ఊపాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కెమెరా కుర్రాడు అటూ ఇటూ చూసి, కట్టు కనిపించకుండా చేతిమీద తువ్వాలు కప్పాడు.

మళ్లీ కడ్డీ ఎప్పుడు పెడతారని గంగాభవాని అడిగింది. అది తన చేతుల్లో లేదనీ, ముందు బయటి దేశాల్లో అమ్ముతారనీ, ఇక్కడి మార్కెట్లోకి వచ్చాక కొనుక్కోవచ్చనీ లోకనాథం నేల చూస్తూ చెప్పాడు.

"మందు పనిసెయ్యకపోతే మాకీ ఏడుపు లేకపోను, బాబూ" అంది గంగాభవాని. "పనిసేత్తాదో లేదో మా వొంట్లో ఎట్టి సూసుకున్నారు. సేత్తాదని తెలిసేక కోసి తీసీసేరు."

"మీలాంటివాళ్ల వల్లే కదమ్మా రేపు లక్షలమందికి ఆ మందు అందేది."

"ఆ లచ్చలమందిలో మేం లేమేటి?"

ఆమె వెళ్లి మొగుడి చేతిమీది తువ్వాలు లాగేసింది.

"తీత్తే ఈ సెయ్యి కూడా తియ్యండి. నేదంటే నా ఇంట్లో ఏటీ తియ్యొద్దు."

కుర్రాళ్లు లోకనాథం వంక చూశారు. అతను తన ఉద్యోగం సంగతీ, పైవాళ్ల సంగతీ ఏదో గొణిగాడు. ఆమె కదల్లేదు. కారు వెళ్లిపోయింది.

పోతురాజు మండిపడ్డాడు. కాళ్లా వేళ్లా పడితే ఇద్దురేమో, ఆ ఆశ కూడా తగలెట్టేవన్నాడు. తెల్లారి ఆమె చీర మార్చుకుని బయల్దేరుతుంటే, ఎక్కడికని అడిగాడు. తుమ్మపాల మరిడమ్మ దగ్గరికి, అక్కడి నుంచి ఆసుపత్రికి అంది. అతను కాసేపు కూర్చున్న చోటే కూర్చుని, ఎడంచేత్తో చొక్కా తగిలించుకోబోయాడు.

"సెయ్యి సూపించాలంటే నాను రావాల గదా" అన్నాడు.

మరిడమ్మ కూతురు చిట్టికి కూడా కడ్డీ పెట్టి తీసేశారు. ఆసుపత్రి వరండాలో పరిచయమైనవాళ్లే అంతా. కడ్డీ ఉన్నన్నాళ్లూ చిట్టి అనకాపల్లిలో బట్టల కొట్లో పనిచేసింది. ఆ తరవాత కొట్లోనే పడిపోతే మానిపించేశారు. గుమ్మంలో ఇద్దరినీ చూసి మరిడమ్మ కళ్లు దించుకుంది. ముందు రోజే వీడియో తీసుకెళ్లారట. వాళ్లిచ్చిన చీర కట్టుకుని, చెప్పమన్నదంతా తల్లీ కూతుళ్లు చెప్పేశారట.

"మందొచ్చేక పిల్ల పేరు ముందర రాత్తానన్నారప్పా. ఏటి సెయ్యను" అంది మరిడమ్మ.

గంగాభవాని నిష్ఠూరం ఆడలేదు. తను చేసింది చెప్పి ఊరుకుంది. గోడవారనున్న చిట్టి ఇదంతా విని లేచి చెప్పులేసుకుంది. కొట్లో పడిపోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల తనంతట తను ఎవరి ముందూ నోరు విప్పింది లేదు.

"నాను బాగున్నానని సెప్పేను అమ్మా, అందులో" అంది. "ఆ బొమ్మ తీసీమని సెప్తాను."

నలుగురూ ఒకే ఆటోలో ఆసుపత్రికి చేరారు. లోకనాథం మీటింగులో ఉన్నాడనీ, రేపు రమ్మనీ కౌంటరు దగ్గరి అమ్మాయి చెప్పింది. చిట్టి రేపు కాదంది. వాచ్‌మన్ వచ్చి దారికి అడ్డమని పక్కకి జరగమన్నాడు. ఎవరూ జరగలేదు. పోతురాజు కట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఎర్రగా ముడుచుకుపోయిన వేళ్లు చూసి, వరసలో కూర్చున్న రోగులు ఒక్కొక్కరే లేచి దగ్గరికొచ్చి ఏమైందని అడుగుతున్నారు. గంగాభవాని మొదటి నుంచీ చెప్పసాగింది.

మేడమీద నుంచి దిగుతున్న లోకనాథం ఆ గుంపుని చూసి, మెట్ల మధ్యలో ఆగిపోయాడు. ఒక చేతిలో ఫోన్ మోగుతోంది. రెండో చెయ్యి మెట్ల రెయిలింగుని పట్టుకుని ఉంది. కిందికీ దిగలేదు, పైకీ వెళ్లలేదు.