ఫాదర్‌గారు చెప్పని మాట

లాజరు ఉయ్యూరులో చెరకు కాటా దగ్గర గుమాస్తా. ప్రతి శనివారం సాయంత్రం భార్య వినీలను సైకిలు మీద చర్చికి తీసుకెళ్ళేవాడు. తెర చాటున ఫాదర్‌గారికి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి అందరికీ అయిదు నిమిషాలు సరిపోయేది, ఆమెకు అరగంట పట్టేది. వెనక బల్ల మీద కూర్చుని లాజరు ఆ తెర వంకే చూసేవాడు. గుసగుస తప్ప ఒక్క ముక్క వినపడేది కాదు. బయటికొచ్చేటప్పుడు ఆమె ముఖం తేటపడి ఉండేది. ఇంటి గడప తొక్కగానే మళ్ళీ మూగబోయేది. ఆ తేట ముఖం తనకు ఎన్నడూ దక్కలేదని అతను కుళ్ళుకునేవాడు.

"ఏం చెప్పావే అంతసేపు?"

"దేవుడితో చెప్పుకున్నానండీ. అడక్కండి."

ఎవడో ఉన్నాడనుకున్నాడు. పక్కింటి టైలరు మొదలు పాలవాడి దాకా ఎవరినీ వదలకుండా అనుమానించాడు. 2003లో విజయవాడ వెళ్ళి లాయరు తిరుపతిరావుచేత విడాకుల కేసు వేయించాడు. ఫాదర్ మరియదాసుగారిని సాక్షిగా పిలిపించమన్నాడు.

"ఆయన చెప్పి తీరాలాండీ?"

"లాయరుకు చెప్పుకున్నదైతే కోర్టు అడగదయ్యా. ఫాదర్లకి చట్టంలో ఆ రక్షణ రాసిలేదు. అడిగి చూద్దాం."

ఫాదర్ బోనెక్కారు. "ఆమె ఏం చెప్పుకుందో నేను చెప్పకూడదండీ. జైల్లో పెట్టినా సరే."

జడ్జిగారు చట్టం పుస్తకం తిరగేస్తుంటే వినీల లేచి నిలబడింది.

"ఆయన్ని వదిలెయ్యండి, నేనే చెబుతాను. వేరే మగాడెవరూ లేడండీ. ఈయన డ్యూటీ నుంచి ఇంకో గంట ఆలస్యంగా వస్తే బాగుండునని రోజూ కోరుకున్నాను. అది పాపమని వారం వారం చెప్పుకున్నాను."

కేసు కొట్టేశారు. వినీల అటునుంచి అటే హనుమాన్ జంక్షన్‌లో అక్క శౌరమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం ఉయ్యూరు బస్సులో లాజరుకు ఫాదర్ పక్కనే సీటు దొరికింది. పెనమలూరు దాటాక లాజరే అడిగాడు.

"అంతా తెలిసే మా ఇంట్లో భోంచేశారా? నాతో ఒక్క మాట అనకపోతిరి. ఎన్నేళ్ళుగా తెలుసండీ మీకు?"

"దాని గురించి మాట్లాడను, లాజరూ."

"కోర్టులో అదే చెప్పేసింది గదండీ!"

"ఆమె చెప్పుకోవచ్చు. నేను చెప్పకూడదు."

ఆమె మాటకు అంత కాపలా కాసిన మనిషిని చూస్తే లాజరుకు మునుపటికన్నా ఎక్కువ కుళ్ళు పుట్టింది. పెళ్ళయిన కొత్తలో వినీల సిగ్గుపడుతూ తన చెవిలో చెప్పిన ఒక మాటను, మర్నాడే కాటా దగ్గర నలుగురికీ చెప్పి నవ్వించిన సంగతి అతనికి గుర్తొచ్చింది.