గుటక

సాయంత్రం కస్టమర్లు వచ్చేలోగా ఉమ్మిగిన్నె తోమిపెట్టడం నా పనే. మా ఆయనది వైన్ కొట్టు. వారానికోసారి వెనక గదిలో నలుగుర్నీ కూర్చోబెట్టి కొత్త సీసా రుచి చూపిస్తారు, దేనితో ఏం తినాలో చెబుతారు. ఆ తినేవన్నీ వండేది నేను. చెప్పే మాటలూ నావే. వంటింట్లో గ్లాసు నా చేతిలో పెట్టి, "చెప్పు, ఏం తెలుస్తోంది?" అంటారు. పుక్కిలించి, ఆ గిన్నెలో ఉమ్మేసి, చెబుతాను. మింగితే పొయ్యి దగ్గర తూలిపడతానని ఆయన భయం. కూరైనా అంతే, చెంచా కొసతో నాకి చూడ్డమే. నేను కంచం పెట్టుకునేసరికి గరిటెకి అంటుకున్నదే మిగులుతుంది.

మొన్న మరిదికి ఉద్యోగంలో హోదా పెరిగిందని ఇంటిల్లిపాదీ హోటల్లో భోజనానికి కూర్చున్నాం. మా ఆయన గ్లాసు ఎత్తి, "వీడి సంగతి సరే, అసలు నా వెన్నెముక మా ఆవిడే. ఆవిడ కోసం ఒక గుక్క!" అన్నారు. అందరూ తాగారు. నేను అలవాటుకొద్దీ శుభ్రంగా పుక్కిలించి పక్కనున్న సూప్ గిన్నెలో ఉమ్మేశాను. అది మా అత్తగారిది.

"అమ్మాయ్! నా కొడుకు నిన్ను మెచ్చుకుంటే నా గిన్నెలో ఉమ్ముతావా?" అన్నారావిడ. తోటికోడలు నవ్వు ఆపుకోలేక రుమాలు కోసం వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరింది. ఇంటికొచ్చాక ఆయన, "నలుగుర్లో నాకు తల కొట్టేసినట్టయింది. మింగడం కూడా రాదా నీకు?" అన్నారు.

ముందు నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. పళ్ళ డాక్టరుగారికి తియ్యటి వైన్ ఇష్టం. రిటైరైన జడ్జిగారికి పుల్లగా ఉండాలి. అత్తగారికి సూప్‌లో మిరియాలు పడకూడదు. ఊళ్ళోవాళ్ళ నాలుకలన్నీ నాకు కంఠతా వచ్చు. మరి నాకేది ఇష్టం? ఎంత ఆలోచించినా తట్టలేదు. భయమేసింది.

ఇవాళ ఇటలీ వైన్, బరోలో. చూడ్డానికి పల్చటి ఎరుపు, నోట్లో పడితే మాత్రం గడుసుది. దానిమ్మ తొక్క కొరికినట్టు చిగుళ్ళని పట్టేస్తుంది. అందుకే పొద్దున్నే మూత తీసి గాలి తగలనిచ్చాను. ఆ వగరుకి కొవ్వున్న మాంసం కావాలి, బాగా ముదిరిన ఉప్పటి చీజ్ కావాలి. చేపతో పెడితే ఇనుము నాకినట్టుంటుంది. మాంసం ఎముకతో సహా సన్నసెగ మీద ఉడికి, గరిటె తగిలితే విడిపోతోంది. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి జారింది. ఎందుకో కుర్చీ లాక్కున్నాను. దాని మీదున్న కూరగాయల బుట్ట కిందికి దించి కూర్చున్నాను. మంచి ముక్క ఏరి కంచంలో వేసుకుని తిన్నాను. వైన్ ఒక గుక్క తీసుకున్నాను. అలవాటుగా నాలుక దాన్ని బయటికి తోయబోయింది. పెదాలు బిగించి గుటక వేశాను.

వగరంతా కొవ్వులో కరిగిపోయి, వెనకనుంచి ఎండిన గులాబీల వాసన మెల్లిగా లేచింది. గొంతు దిగాక కూడా రుచి ఉంటుందని, అది గుండెల్లో వెచ్చగా తిరుగుతుందని నాకెవరూ చెప్పలేదు. బయట తీగ మీద ఆరేసిన దుప్పట్లు ఊగుతున్నాయి, నేనూ వాటితోపాటు ఎటో తేలిపోతున్నాను. వాన వెలిసిన తోవలో చెప్పులు చేత్తో పట్టుకుని పెళ్ళికాని పిల్ల ఒకతె ఎదురొచ్చింది. నా మొహమే. ఏం తింటావే అని అడిగాను. ఎవర్నీ అడగకుండానే గబగబా చెప్పుకుపోయింది, దానికి అన్నీ తెలుసు. ఎంత సుఖంగా ఉందో! ఏడుపూ వచ్చింది.

"వాళ్ళొచ్చి కూర్చున్నారు. నువ్వింకా ఏం చెప్పలేదేం?" గుమ్మంలోంచి మా ఆయన. నా కంచం చూసి ఆగిపోయారు. "ఇదేంటి, వాళ్ళకి పెట్టకుండానే..."

లేవబోయాను. కాళ్ళు సగం లేచాయి కూడా. మళ్ళీ కూర్చుని ఇంకో ముక్క వేసుకున్నాను.

"నాకు ఆకలేస్తోందండీ," అన్నాను. "నేను తింటాను. వాళ్ళకి మీరు వడ్డించండి."