నొప్పి మాత్రలు

స్కాన్ బల్ల మీద దుప్పటి మార్చి, మెషిన్‌కు అంటిన జెల్లు తుడిచి, కృపమణి తలుపు తీసి తర్వాతి పేషెంటును పిలిచింది. కల్లూరులోని ఆ సంతాన సాఫల్య కేంద్రంలో ఆమె పన్నెండేళ్లుగా ఆయా. వయసు యాభై నాలుగు. నడుము కాస్త వంగింది. అరచేతుల్లో పాత పనికి కాసిన కాయలు ఇంకా మెత్తబడలేదు.

లోపలికొచ్చిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. డాక్టరు మధులత స్క్రీన్ చూసి అడిగింది.

"ఈ నెల కూడా గుడ్డు పెరిగింది గానీ బయటికి రాలేదు. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నావా?"

"నడుము నొప్పికి దినామూ ఒకటి మింగుతాండా మేడం."

"అందుకే కావచ్చు. గుడ్డు ఊరికే రాదమ్మా. గాయమైన చోట వాపు వస్తుంది చూడు, అట్లాంటిదే అక్కడా రావాలి. తెల్లరక్త కణాలు చేరి, కొన్ని రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. అప్పుడే గుడ్డు చుట్టూ ఉన్న పొర పగులుతుంది. వాపు తగ్గించే మాత్ర ఆ కబురును ఆపేయొచ్చు."

కృపమణి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

పెళ్లయిన కొత్తలో ఆమె, భర్త దాసన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. తడి బండలు మోసీ మోసీ ఆమె నడుము పట్టేసేది. సాయంత్రం దాసన్నే మందుల షాపుకు పోయి మాత్రలు తెచ్చి, చెంబుతో నీళ్లందించి, ఆమె మింగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. ఎనిమిదేళ్లు అట్లా గడిచాయి. కడుపు పండలేదు. "నాలోనే లోపముండాది, నువ్వు ఇంకోదాన్ని చేసుకో" అని తానే అంది. రెండేళ్లు అతను వినలేదు. మూడో ఏడు రాజంపేటకు వెళ్లిపోయాడు.

అమ్మాయి వెళ్లాక కృపమణి నెమ్మదిగా అడిగింది.

"మేడం, ఎప్పుడో ముప్పై ఏండ్ల కిందట మింగిన మాత్రలు... అప్పుడు గూడా అట్లే అయ్యింటాదా?"

మధులత ఆమె ముఖంలోకి చూసింది. "అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు. ఇప్పుడెవరూ చెప్పలేరు కృపమణీ."

మధ్యాహ్నం అన్నం తినకుండా మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. అందులో దాసన్న నంబరు 'రాజంపేట' అన్న పేరుతోనే ఉంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ మాత్రలు తెచ్చింది అతనే. వింటే తట్టుకుంటాడా? అయినా లోపం తనది కాకపోవచ్చన్న మాట ఒక్కసారైనా అతని చెవిన పడాలనిపించింది.

నంబరు నొక్కింది. ఎత్తిన ఆడపిల్లను దాసన్న ఉన్నాడా అని అడిగింది.

"నాయన పోయి పదకొండు దినాలైందమ్మా. మీరెవరు?"

కృపమణి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"కల్లూరు నుంచి," అంది. "ఫ్యాక్టరీలో మీ నాయనతో కలిసి పనిచేసినా."

"అమ్మకు చెప్తాలే."

"వద్దులేమ్మా. నువ్వు బాగుండావా? అంతే చాలు."

మిగిలిన ఏడుగురు పేషెంట్లకూ దుప్పటి మార్చింది. సాయంత్రం షేర్ ఆటో దిగి ఇల్లు చేరి, పొయ్యి వెలిగించకుండా గోడకానుకుని కూర్చుంది. వెనక తలుపు పక్కన మేకుకు, బండలెత్తేటప్పుడు దాసన్న అరచేతికి చుట్టుకునే సైకిల్ ట్యూబు ముక్క వేలాడుతోంది. బిరుసెక్కి, అతని చేతి వంపు అట్లాగే నిలిచి ఉంది.