ఏం పని మీద వచ్చావమ్మా

కాదు, ఈ ముఖం ఆర్హిన్‌ది కాదు, చచ్చిపోయిన ఆర్హిన్ మీసాలాయన, జిల్లాలో పార్టీకి పెద్ద తలకాయ, ఈ పోస్టర్లో నవ్వుతున్నది ఆడమనిషి కదా, అని అబా ఎసుమన్‌కి తట్టేసరికే చెయ్యి దాటిపోయింది, చావుకి కట్టే ఎర్రబట్టల్లో, నల్లబట్టల్లో కూర్చున్న వాళ్ళందరికీ కుడివైపు నించి వరసగా చేతులు కలిపేసింది, కుర్చీ వేశారు, మంచినీళ్ళ గ్లాసు చేతిలో పెట్టారు, నీళ్ళు పుచ్చుకున్నాక ఇంక లేచిపోవడం ఎక్కడిది, సాల్ట్‌పాండ్‌లో శనివారం వచ్చిందంటే వీధికో చావు పందిరి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి, అదే పాట, అవే ప్లాస్టిక్ కుర్చీలు, ఈ బెంట్సిల్ ఒకడు, పేరుకి పార్టీ సెక్రటరీ, ఇదే మేడమ్ దిగండి అన్నాడు, ఇప్పుడు వెనక్కుర్చీలోంచి చెవిలో గొణుగుతున్నాడు, పొరపాటైంది మేడమ్, ఆర్హిన్ గారిది పక్క వీధిట, పార్టీ టిక్కెట్టుకి ఓటేసే డెలిగేట్లంతా అక్కడే కాచుక్కూచున్నారు, ఒకటే ఫోన్లు, పోనీ తలనొప్పి అనేసి లేద్దామా, కాసేపు నోరు మూసుకోవయ్యా, అందామె పెదవి కదపకుండా, ఈ ముఖం నాకు తెలుసు, ముక్కు పక్కన ఆ పుట్టుమచ్చ తెలుసు, కళ్ళజోడు సర్దుకుని పోస్టర్ కింద పేరు చదివింది, ఎసీ తవియా.

తవియా, అయ్యో దేవుడా, చేపలు పొగబెట్టే తవియా, తన మొట్టమొదటి కేసు, హోటలు కట్టేవాడు సముద్రం ఒడ్డున ఆడవాళ్ళ పొయ్యిలన్నీ కూలగొట్టిస్తుంటే అడ్డం పడుకుందని పోలీసులు పట్టుకెళ్ళారు, అప్పటికి తన కోర్టు విగ్గుకి కొత్తవాసన కూడా పోలేదు, గతిలేని లాయరూ గతిలేని ముద్దాయీ ఒకరికొకరు దొరికారు, బోనులో నిలబడి తవియా జడ్జీతో, అయ్యా మీరు తినే చేప ఎక్కడ పొగబెడతారనుకున్నారు, మీ ఇంట్లోనా, అంటే కోర్టంతా గొల్లుమంది, సగం కేసు ఆ నవ్వే గెలిచింది, మర్నాడు పేపర్లో ఇద్దరి ఫోటో, ఎలక్షన్లకి గోడగోడకీ అంటించింది దాన్నే, చేపలమ్మల లాయరు, ఆ పేరు మీదే పార్లమెంటు, ఆ పేరు మీదే డిప్యూటీ మంత్రి, రెండోసారి పోస్టర్ వేసినవాడు ఫోటోలోంచి తవియాని కత్తిరించేశాడు, ఇప్పుడు నీటుగా ఉంది కదా మేడమ్ అంటే, ఉంది అంది, తనే అంది, ఈ నోటితోనే.

అదొక్కటేనా, అక్రాలో తన మంత్రి ఆఫీసుకొచ్చింది తవియా ఒకసారి, అద్దాల్లోంచి తను చూసింది, గుర్తుపట్టలేదు గుర్తుపట్టలేదని ఇన్నాళ్ళూ తనకి తనే చెప్పుకుంటూ వచ్చింది గానీ గుర్తుపట్టింది, ఏ ఉద్యోగానికో సిఫార్సుకొచ్చి ఉంటుందిలే అనుకుంది, మీటింగులో ఉన్నానని చెప్పించి వెనక గేట్లోంచి కారెక్కింది, ఛీ, దొంగలా, ఏం అడిగిందని మర్నాడు గుమాస్తాని అడిగితే, ఏమీ అడగలేదు మేడమ్, సాయంత్రం దాకా కూర్చుంది, ఊరికే చూసిపోదామని వచ్చిందిట, చేపల పొట్లం ఇచ్చింది, ఆఫీసంతా కంపు కొడుతోందని బయట పెట్టించాను అన్నాడు, తను ఇంకో ఫైలు తెరిచింది.

ఇందాక వరసలో చెయ్యి పట్టుకుని వదలని పిల్ల, పిల్లేమిటి నలభై దాటి ఉంటాయి, అది కూకువా అన్నమాట, తవియా కూతురు, కేసు రోజుల్లో గౌను వేసుకుని కోర్టు మెట్ల మీద నిద్రపోయేది, వచ్చారా లాయరమ్మా, వచ్చారా, అంటూ రెండు చేతులతో పట్టేసుకుంది, నా చావుకి లాయరమ్మ వస్తుంది చూడండే అని అమ్మ ఒకటే పాట, వీళ్ళంతా ఆ వస్తుంది వస్తుంది, హెలికాప్టర్లో వస్తుంది, పొయ్యిలు పక్కకి జరుపు దిగడానికి, అని ఏడిపించేవాళ్ళు, చివరికి నాక్కూడా విసుగొచ్చి ఊరుకోవే అమ్మా పరువు తీయకు అన్నాను, నన్ను క్షమించాలి మీరు, అక్రాలో మీరు పక్కన కూర్చోబెట్టుకుని మొక్కజొన్న కెంకీ ముద్దా, చేపా పెట్టి బస్సు దాకా దిగబెట్టారట కదా, ఎన్నిసార్లు చెప్పిందో, అంటుంటే ఎవరో దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకుని వినీ వినకుండా తలాడించింది తను, ఇప్పుడర్థమవుతోంది, కూర్చోబెట్టుకున్నదెవరు, పెట్టిందెవరు.

అదుగో కూకువా, తల ఎత్తుకుని కూర్చుంది, నవ్వినవాళ్ళంతా ఇటే చూస్తున్నారు, ఇంటి పెద్ద కర్ర పట్టుకుని లేచాడు, మైకు గరగరలాడింది, మా సంగతి మీరు చూస్తూనే ఉన్నారు, ఏం పని మీద వచ్చావమ్మా, అన్నాడు, గడప తొక్కిన ప్రతివాళ్ళనీ అడిగే మాటే, వట్టి లాంఛనం, కోర్టుల్లో ఎంతమందికి ఊపిరాడకుండా ప్రశ్నలు వేసిందో, ఇంత తేలిక ప్రశ్నకి తనే బోనెక్కినట్టుంది, చెప్పెయ్, దారి తప్పి వచ్చానని చెప్పెయ్, కెంకీ పెట్టలేదు, కుర్చీ కూడా వెయ్యలేదని చెప్పెయ్, గుండె తేలికైపోతుంది, ఎవరి గుండె, నీదే, కూకువా తల మళ్ళీ దిగిపోతుంది, శవపేటికలో ఉన్నావిడ అబద్ధాలకోరు అయిపోతుంది, బెంట్సిల్ మళ్ళీ భుజం గోకుతున్నాడు, మేడమ్ ఆర్హిన్ గారిని శ్మశానానికి తీసుకెళ్ళిపోతున్నారట, తీసుకెళ్ళనీ, మైకు పుచ్చుకుంది, తవియా పిలిచింది, వచ్చాను, చాలా ఆలస్యంగా వచ్చాను, నాకంటే పనికిమాలిన మనిషి లేదు, అంది, చప్పట్లు, అబ్బ ఎంత వినయం, ఎంత ఎదిగినా మరిచిపోలేదు చూశావా అని ముసలమ్మలు కళ్ళొత్తుకుంటున్నారు, తిట్టుకుంటే అదీ పొగడ్తే అయ్యింది, ఎక్కడికి పోయేది ఈ సిగ్గుతో, ఎవరికిచ్చేది, ఆ సాయంత్రం ఆకలితో బస్సెక్కి, దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుని వచ్చి ఉంటుంది తవియా, ఏం జరిగిందో అంతా తెలిసి, ఇన్నేళ్ళూ ఈ నవ్వే జనం ముందు ఒక్కత్తీ నిలబడి, ఫీజు లేకుండా, నా తరఫున వాదించింది.