మందు కొట్టే విమానం

తెనాలిలో గౌతమ్‌ది కంప్యూటర్ల రిపేరు షాపు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, మరో ఐదారుగురు విమానాల పిచ్చివాళ్ళతో కలిసి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో, తెర మీద విమానాలు నడుపుతుంటాడు. చర్చి అయ్యాక మనవరాలు దీవెనను వెంటబెట్టుకుని రేపల్లె నుంచి పాసింజరులో వచ్చే బర్నబాస్‌ని వాళ్ళంతా కెప్టెన్ గారు అంటారు. నలభై ఐదేళ్ళ కిందట వేమూరు చేల మీద మందు కొట్టిన విమానాలతో తాతయ్య పనిచేశాడని దీవెన మొదటిరోజే గొప్పగా చెప్పింది. ఎవరో కెప్టెన్ గారూ అన్నారు. ఆయన కాదనలేదు.

అలాంటి విమానమే గౌతమ్ చేతిలో పడింది. పాత సిమ్యులేటర్ కోసం ఎవరో ఎప్పుడో తయారుచేసి వదిలేసింది. కొత్త సిమ్యులేటర్‌లో పెడితే మీటర్లన్నీ నల్లగా చచ్చిపడ్డాయి, చక్రాలు రన్‌వేలో మోకాలి లోతు దిగబడ్డాయి, ఇంజను కుట్టుమిషన్‌లా మోగింది. ఏడు నెలలు కూర్చుని మీటర్లు మళ్ళీ రాసి, చక్రాలు నేల మీదికి ఎత్తి, గౌతమ్ అందరికీ చూపించాడు. బర్నబాస్ ఒక్క నిమిషం విని, శబ్దం ఇలా ఉండదు బాబూ అన్నాడు. అంతే, అప్పటిదాకా మెచ్చుకుంటున్న వాళ్ళంతా ఆయన వైపు తిరిగిపోయారు.

మూడుసార్లు మార్పించాడు ముసలాయన. నెత్తి మీదికి వచ్చేటప్పుడు ఇంజను గొంతు ఎలా సన్నబడుతుందో, దాటాక ఎలా బరువెక్కుతుందో, మందు వదిలాక వరి ఆకుల మీద చిటపట ఎంతసేపటికి మొదలవుతుందో, అన్నీ ఆయన చెప్పినవే. చెప్పినట్టు చేస్తే నిజంగానే బాగుండటంతో గౌతమ్‌కి కడుపు మరింత మండింది.

ఇంత చెప్పే మనిషి ఎన్నడూ విమానం నడిపే స్టిక్ పట్టుకోలేదు. చూపు ఆనదనేవాడు. గౌతమ్‌కి అక్కడే అనుమానం. కొత్త విమానాన్ని నెట్‌లో అందరికీ వదిలేముందు పెద్దవాళ్ళ చేత మొదటిసారి స్టార్ట్ చేయించడం ఆ షాపు ఆనవాయితీ. ఒక్క మీట నొక్కితే ఇంజను దానంతటదే అందుకునే సౌకర్యాన్ని ముందురోజే తీసేశాడు గౌతమ్. ఇక ఏ స్విచ్చి తర్వాత ఏదో తెలిసినవాడే స్టార్ట్ చెయ్యగలడు. చూపు సాకు లేకుండా పెద్ద టీవీ తెచ్చి గోడకు బిగించాడు. బాపట్ల నుంచి కూడా స్నేహితుల్ని పిలిపించాడు. ఇంత శ్రద్ధ తన పెళ్ళి ఏర్పాట్లలో కూడా పెట్టలేదు.

బర్నబాస్ వద్దన్నాడు. దీవెన వినలేదు, కూర్చో తాతయ్యా వీడియో తీస్తానంది. కూర్చున్నాడు. ఆయన వేళ్ళు స్విచ్చుల మీద తచ్చాడి, చివరికి మందు వదిలే లివర్ లాగాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

‘‘తొందరేం లేదు కెప్టెన్ గారూ. మీ విమానమేగా,’’ అన్నాడు గౌతమ్.

నాలుగు నిమిషాలు గడిచాయి. దీవెన ఫోన్ దించేసింది. అక్కడితో ఆగుంటే సరిపోయేది, కానీ గౌతమ్‌కి తనివి తీరలేదు. చెయ్యి చాపి పది సెకన్లలో ఇంజను స్టార్ట్ చేసి, విమానాన్ని పైకి లేపి, చేలోంచి చూస్తున్నట్టుగా దృశ్యం మార్చాడు. స్పీకర్ల సౌండు పూర్తిగా పెంచాడు. పచ్చటి వరి మీదుగా విమానం సూటిగా వాళ్ళ మీదికి వచ్చింది.

బర్నబాస్ దిగ్గున లేచాడు. చేతిరుమాలు ముక్కుకీ నోటికీ అదిమిపెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని టీవీకి వీపు తిప్పేశాడు. శబ్దం దాటిపోయాక అడుగులు లెక్కపెట్టుకుంటూ పక్కకు నడిచి, గోడ తగిలేదాకా వెళ్ళి, ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. షాపంతా గొల్లుమంది.

‘‘తాతయ్యా, నువ్వు నడపలేదా?’’ అంది దీవెన.

ఆయన చెయ్యి దించాడు. ‘‘లేదమ్మా. చేలో జెండా పట్టుకునేవాణ్ణి. ఎక్కడ కొట్టాలో పైవాడికి తెలియాలిగా. మా మీద మందు పడ్డాక పదడుగులు జరిగి మళ్ళీ నిలబడేవాళ్ళం. కళ్ళు అప్పుడే పోయినయ్యి.’’

నవ్వు ఆగిపోయింది. గౌతమ్‌కి సిగ్గేసింది. ఆ సిగ్గు దాచుకోవడానికి ఇంకో మాట అనక తప్పలేదు.

‘‘అయితే కెప్టెన్ కాదన్నమాట.’’

దీవెన తాత చెయ్యి పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి బయటికి తీసుకుపోయింది. మళ్ళీ ఆదివారం వాళ్ళు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

వాళ్ళు వెళ్ళిపోయిన సాయంత్రమే గౌతమ్ విమానాన్ని నెట్‌లో పెట్టాడు. నిజమైన పైలట్ బర్నబాస్ గారి సలహాలతో అని ముందే రాసి ఉంచిన వాక్యాన్ని కొట్టేశాడు. శబ్దాల జోలికి మాత్రం పోలేదు. వారం తిరక్కుండా ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటూ రాశారు. అన్నిటికన్నా శబ్దం అద్భుతమనీ, విమానం కింద నిలబడి విన్నవాడు తప్ప ఇలా చెయ్యలేడనీ, ఎవరు చేశారనీ అడిగారు. గౌతమ్ ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు పెట్టాడు, అంతా నేనే చేశానండి అని.