తాబేలు తినకూడని మొక్క

"మొక్కల సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు గిన్నెల సంగతి చూసుకో" అన్నారు మా ఆయన మధుబాబు.

కుళాయి దగ్గర పళ్ళేలు తోముతున్నదాన్ని తలెత్తి చూసేను. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య ఇటుకలు పేర్చి కట్టించిన కొత్త దొడ్డిలో, రెండు అరచేతులంత తాబేలు ఓ మూల ముడుచుకుని ఉంది. మా అమ్మాయి శారోన్ పదో పుట్టినరోజుకని ఆఫ్రికా తాబేలుని హైదరాబాదు నుంచి అనుమతి కాగితాలతో సహా తెప్పించేరాయన. నర్సరీ వ్యానులోంచి మొక్కలు దింపుతున్నారు. గన్నేరు, క్రోటన్లు, తెల్లచారల ఆకుల డిఫెన్‌బాకియా.

"గన్నేరు వద్దండీ, తింటే ప్రాణం పోతుంది. క్రోటన్లూ మంచివి కావు. ఆ చారల ఆకు తింటే నోరు వాచిపోతుంది. గరిక వేద్దాం. రెండు మందారాలు, ఓ మూల నాగజెముడు చాలు" అన్నాను.

ఆయన పక్కనున్న స్నేహితుడు నారాయణమూర్తిగారి వైపు తిరిగేరు. "మా ఆవిడ ఎమ్మెస్సీ బోటనీ అండీ. అంత చదివి గరిక పెంచమంటోంది."

ఇద్దరూ నవ్వేరు. కాసేపటికి గన్నేరు మాత్రం వ్యానెక్కి వెనక్కి పోయింది. పూలు రాలి చెత్తవుతుందని నారాయణమూర్తిగారు అన్నందుకు.

డిఫెన్‌బాకియా ఉండిపోయింది. దాన్ని పీకడం రెండు నిమిషాల పని. పీకితే ఇంట్లో మూడు రోజులు మాటలుండవు. ఆ మూడు రోజులకి భయపడి, కింది ఆకులు తుంచేసి ఊరుకున్నాను. పెళ్ళికి ముందు కాలవగట్లన్నీ తిరిగి మొక్కలు పోగుచేసి, పేర్లు రాసి అట్టలకి అంటించినదాన్ని నేనే. కొత్తపేటలో కాలేజీ పిల్లలకి మూడేళ్ళు పాఠం చెప్పినదాన్నీ నేనే. శారోన్ పుట్టింది, అదే ఏడు అత్తయ్యగారి తుంటి ఎముక విరిగింది. "కొన్నాళ్ళు మానెయ్, మళ్ళీ వెళ్దువుగాని" అన్నారాయన. ఆ కొన్నాళ్ళకి పదేళ్ళు నిండేయి. ఈ ఇంట్లో నాకు ఫలానా పని అని ఎవరూ అప్పజెప్పలేదు. ఎవరూ చెయ్యకుండా మిగిలినవన్నీ నావయ్యేయి, అంతే. తాబేలూ అలాగే వచ్చింది. శారోన్ నాలుగు రోజులు మేత వేసింది. ఐదో రోజు నుంచి నీళ్ళు మార్చడం, పెంట ఎత్తడం, ఆకు కొయ్యడం అన్నీ నేనే.

పదకొండో రోజు పొద్దున్న చూస్తే తాబేలు మెడ బయటికి చాచి, నోరు తెరిచి ఉంది. చొంగ కారుతోంది. ముందురోజు గాలివానకి విరిగిన చారల ఆకు సగం కొరికి ఉంది. దాన్ని బుట్టలో పెట్టి, ఆ సగం ఆకు కవర్లో వేసుకుని, ఆటో మాట్లాడుకుని అమలాపురం పశువుల ఆసుపత్రికి వెళ్ళేను.

డాక్టరు సత్యవేణిగారు దాని నోరు కడిగి, ఇంజెక్షను చేసేరు.

"ఆకు తేవడం మంచిదైందండీ. మేకలకి నురగొస్తోందని తెస్తారు, ఏం తిన్నాయంటే ఎవరూ చెప్పలేరు" అన్నారు. ఆకు పేరు, అందులో ఏముందో నేను చెప్తుంటే శ్రద్ధగా విన్నారు. "మీరెక్కడ పని చేస్తున్నారండీ?"

"ఇంట్లోనండీ."

ఆ మాట ఎన్నోసార్లు అన్నాను. ఆ పూట మాత్రం బుట్ట సర్దుకుంటూ, డాక్టరుగారి వైపు చూడకుండా అన్నాను.

మధ్యాహ్నం భోజనానికొచ్చి సంగతి విన్నారాయన. "ఇంట్లోనే ఉంటావు కదా! ఒక్క తాబేలుని చూసుకోలేకపోయావా?" అన్నారు. నా ఎదురుగానే నారాయణమూర్తిగారికి ఫోను చేసేరు. "మా ఆవిడ ఏదో ఆకు పడేసిందండీ, తినేసింది" అని.

మంచం మీద బైబిలు చదువుకుంటున్న మా అత్తయ్య రత్నంగారు కళ్ళజోడు తీసేరు.

"అబద్ధమాడకురా. ఆ పిల్ల వద్దంది. నేనూ విన్నాను. విని ఊరుకున్నాను."

ఇన్నేళ్ళలో ఆవిడ నా తరఫున మాట్లాడడం అదే మొదలు. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"నీకు తెలుసు కదా మమ్మీ. మరి నువ్వే ఎందుకు పీకెయ్యలేదు?" అంది శారోన్.

డాడీ ఒప్పుకోలేదంటే, తెలిసిన పనైనా ఒకరిని అడిగే చెయ్యాలని దానికి నేర్పినట్టవుతుంది. కంచం అక్కడే వదిలి, చేతులకి గుడ్డ చుట్టుకుని, గునపం పట్టుకుని పెరట్లోకి నడిచేను. డిఫెన్‌బాకియా, క్రోటన్లు వేళ్ళతో సహా తీసి గోతిలో పూడ్చేను. సాయంత్రానికి కాలవగట్టు నుంచి గరిక తెచ్చి నాటేను. మందారం కొమ్మలు గుచ్చేను. శారోన్ నీళ్ళు పోసింది.

నాలుగో రోజున నేను కోసుకొచ్చి వేసిన ఓ మందారపువ్వుని తాబేలు మెల్లగా కొరికింది. మింగేదాకా దాని పక్కనే కూర్చున్నాను. తర్వాత లోపలికొచ్చి కొత్తపేట కాలేజీకి ఫోను చేసేను. ప్రిన్సిపాలుగారు నన్ను మర్చిపోలేదు. బోటనీ చెప్పేవాళ్ళు ఈ ఏడాది లేరట, సోమవారం నుంచి వచ్చెయ్యమన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పేను. అడగలేదు, చెప్పేను. ఇంట్లో ఆగిపోయే పనుల్లో ఏది ముందు అడగాలో ఆయనకి తేలనట్టుంది.

"మరి తాబేలుకి మేతెవరు వేస్తారు?"

"మీరేనండీ" అన్నాను.