ఇటుకల మీద అంబాసిడర్

జాకీ తిప్పుతూనే మొండయ్య ఇంకో ఇటుక కోసం చెయ్యి చాచాడు. మూడు చక్రాలు అప్పటికే నేల వదిలాయి. నాలుగోది కూడా లేస్తే, ఎన్నాళ్ళున్నా టైర్లు ఒకే చోట నొక్కుకుపోవు. కోరుట్లలో అంబాసిడర్ల సంగతి అతనికన్నా తెలిసినవాడుంటే రమ్మనండి!

పొద్దుటి నుంచి అతనికి కాలు నిలవడం లేదు. బ్యాటరీ విప్పి ఇంట్లో చెక్కపీట మీద పెట్టాడు. లోపల తుప్పు పట్టకుండా ట్యాంకు నిండా డీజిల్ పోయించాడు. పొగగొట్టంలో గుడ్డ కుక్కాడు. సరిగ్గా కుక్కలేదేమోనని తీసి మళ్ళీ కుక్కాడు. ఎలుకలు చేరకుండా బీడీలు చుట్టే భార్య రత్నమాల తన తంబాకు పొడి తెచ్చి సీట్ల కింద చల్లింది. ఇప్పుడు కారంతా ఆమె చేతుల వాసనే.

ఇరవై రెండేళ్ళు ఆ కారులో ఎందరినో హైదరాబాదు తీసుకుపోయి గల్ఫ్ విమానం ఎక్కించాడు. ప్రతిసారీ ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, అది చితికాకే బండి సాగనిచ్చేవాడు. వెనక సీట్లో ఎవరైనా ఏడిస్తే, "ఊకోండ్రి, రెండేండ్లు రెండు దినాల లెక్క పోతయ్" అనేవాడు. ఎంత తేలిగ్గా అనేవాడో!

ఇప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని స్వయంగా రాసుకున్నవాడు, సమ్మెను ఒక్క మాట అనడు. కానీ బందులకు కిరాయిలు పోయాయి, మిగిలినవి కొత్త బండ్లు పట్టుకుపోయాయి. చివరికి కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా వీసా వచ్చింది, నలభై ఆరో ఏట.

"అమ్మితె అయిపోవు గదా," అంది రత్నమాల.

"గిది ఇంటి ముందట ఉంటెనే, మల్ల అస్తనని నాకు ధైర్యం."

"మరి నేనో?"

మొండయ్య చూపు తిప్పుకున్నాడు. కారు కిందికి దూరి, గట్టిగానే ఉన్న ఇటుకలను మళ్ళీ కదిపి చూశాడు. భయం వేసింది.

మధ్యాహ్నం హైదరాబాదు తీసుకుపోవడానికి దేవేందర్ జీపు వచ్చింది. అతనికి స్టీరింగు పట్టడం నేర్పింది మొండయ్యే.

"మొండన్నా, జల్ది రావే! పొద్దుగూకితె జగిత్యాల కాడ రాస్తారోకో అంటున్నరు."

రత్నమాల కొంగున కట్టుకున్న నిమ్మకాయ తీసి భర్త చేతిలో పెట్టింది. "జీపు కింద వెట్టు, మర్వకు."

తలూపాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, పైన కప్పిన టార్పాలిన్ తాడు లాగాడు, వంగి లేచాడు. జీపు దగ్గరికి పోయి అలవాటుగా డ్రైవరు తలుపు తీశాడు.

"గటు పక్క, అన్నా," అన్నాడు దేవేందర్ మెల్లగా.

అటు తిరిగిపోయి వెనక సీట్లో కూర్చున్నాడు మొండయ్య. జీపు మలుపు తిరిగింది.

రత్నమాల జీపు చక్రాల జాడ దగ్గరికి వచ్చి వెతికింది. చితికిన నిమ్మతొక్క లేదు, తడి లేదు. రోడ్డు దాకా ఉరికింది. జీపు ఎప్పుడో దాటిపోయింది.

తిరిగి వచ్చి టార్పాలిన్ అంచు ఎత్తి చూసింది. నేలకు అందని ముందు చక్రానికి బెత్తెడు కింద, పచ్చగా, చెక్కుచెదరకుండా ఉంది నిమ్మకాయ.